రా ఫైలు రమ్మంటే రావడం లేదు: 2012 ల్యాప్‌టాప్, 1100డీ కెమెరాతో ఇంకెన్నాళ్లు?

ఓపికస్తుడు
ల్యాప్‌టాప్ 2012లో కొన్నది. మూడో తరం ఐ5, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10. కెమెరా కెనాన్ 1100డీ, దాంతోపాటే వచ్చిన 18-55 లెన్స్. రెండూ ఒకప్పుడు మా అన్నయ్యవి, ఇప్పుడు నావి. ఆర్నెల్లుగా ఫోటోలు తీయడం నేర్చుకుంటున్నా. తీయడం వరకు హాయిగానే ఉంది, బాధంతా ఆ తర్వాతే. రా ఫైలు (సెన్సర్ పట్టిన డేటా, ఏమీ దిద్దకుండా దాచింది) మీద డబుల్ క్లిక్ చేసి, స్నానం చేసి వస్తే అప్పటికి తెరుచుకుంటోంది. ఎక్స్‌పోజర్ స్లైడర్ జరిపితే, జరిపిన సంగతి నేను మర్చిపోయాక తెర మీద మార్పు కనిపిస్తోంది. ఫ్యాన్ మోత పక్క గదిలోకి వినబడుతోంది.

తెలిసినవాళ్లందరిదీ ఒకటే మాట: రెండూ అవతల పారేసి కొత్తవి కొనుక్కో అని. ఇది సరదా కోసం మొదలుపెట్టిన పని, దీంతో సంపాదించేదేమీ లేదు. ఈ రెండింటితోనే ఇంకో రెండు మూడేళ్లు నెట్టుకురావడానికి దారుందా? మొహమాటం లేకుండా చెప్పండి.

పిక్సెల్‌పిచ్చి
మొహమాటం వద్దన్నారు కాబట్టి: పారేయండి. 1100డీ వచ్చింది 2011లో. తొమ్మిదే ఫోకస్ పాయింట్లు, ఐఎస్‌ఓ (వెలుగుకి సెన్సర్ సున్నితత్వం) 6400 దాటదు. ఇక ల్యాప్‌టాప్. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్‌లో 8వ తరం కావాలి, మీది 3వది. దాని మీద ఎంత ఖర్చు పెట్టినా బూడిదలో పోసిన పన్నీరే.

జేపెగ్_జిందాబాద్
కొత్తొక వింత, పాతొక రోత. పిక్సెల్‌పిచ్చి గారు ఏ చర్చలోకొచ్చినా ఇదే మందు రాసిస్తారు. జలుబు చేసిందన్నా కొత్త కెమెరాయే.

స్క్రూలూజు
పారేసే ముందు ఒక పని చేయండి. టాస్క్ మేనేజర్ తెరిచి పక్కన పెట్టుకుని, ఆ రా ఫైలు తెరవండి. సీపీయూ, మెమరీ, డిస్క్ ఎంతెంత చూపిస్తున్నాయో ఇక్కడ రాయండి. జ్వరం ఎంతుందో చూడకుండా మందు చెప్పడం నాకు చేతకాదు.

ఓపికస్తుడు
చూశా. మెమరీ 94 శాతం. డిస్క్ 100 దగ్గర అతుక్కుపోయింది, కిందికి దిగనంటోంది. సీపీయూ మాత్రం 25, 30 మధ్య ఊగుతోంది. ప్రాసెసరే ముసలిదైపోయిందనుకున్నా, అదేమో తీరిగ్గా కూర్చుంది!

స్క్రూలూజు
అనుకున్నదే. ప్రాసెసర్ కూర్చోలేదు, డిస్క్ కోసం ఎదురుచూస్తోంది. 4 జీబీలో విండోస్, బ్రౌజర్ కలిసి సగానికి పైగా లాగేస్తాయి. మిగిలింది ఫోటోకి చాలదు. చాలనప్పుడు కొంత డేటాని తీసుకెళ్లి హార్డ్‌డిస్క్ మీద పెడుతుంది, కావాల్సినప్పుడు మళ్లీ వెనక్కి తెచ్చుకుంటుంది. తిరిగే డిస్క్ వరుసగా చదివితే సెకనుకి 100 ఎంబీ చుట్టుపక్కల ఇస్తుంది గానీ, అక్కడో ముక్క ఇక్కడో ముక్క అడిగితే ఒకటి రెండు ఎంబీలకి పడిపోతుంది. మీ స్నానం టైమంతా ఆ రాకపోకలదే.

కాబట్టి ముందు 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్క్) ఒకటి. సాటా మీద సెకనుకి 500 ఎంబీ పైనే ఇస్తుంది, అంతకంటే ముఖ్యం, ముక్కలు ముక్కలుగా అడిగినా తడబడదు. దాని మందం 7 మిల్లీమీటర్లు. మీ పాత డిస్క్ 9.5ది అయితే ఆ జాగాలో వదులుగా ఆడినట్టుంటుంది, కంగారు పడకండి, పాత డిస్క్‌కున్న ఇనుప ఫ్రేముకి దీన్ని బిగిస్తే కదలదు.

తర్వాత ర్యామ్. అడుగు మూత తీసి చూడండి, రెండో స్లాట్ ఖాళీగా ఉండొచ్చు. డీడీఆర్3ఎల్ అని ఉన్నది తీసుకోండి. అది 1.35 వోల్టుల మీదా నడుస్తుంది, 1.5 మీదా నడుస్తుంది, కాబట్టి మీ తరం మెషిన్‌కి పేచీ లేదు. తిరగేసి చేస్తేనే ఇబ్బంది: 1.5 అడిగే పాత ర్యామ్‌ని 1.35 మాత్రమే ఇచ్చే తర్వాతి ల్యాప్‌టాప్‌లో పెడితే చాలాసార్లు అసలు లేవదు.

మూత తీసేముందు బ్యాటరీ ఊడదీయండి. అప్పటి మెషిన్లలో చాలావాటికి కింద లాచ్ జరిపితే చేతిలోకి వచ్చేస్తుంది. ఇప్పటివాటికి ఆ సుఖం లేదు.

పెంగ్విన్‌పక్షం
4 జీబీ ఎందుకు చాలదో లెక్క వేసి చూపిస్తా. మీ కెమెరా రా ఫైలు డిస్క్ మీద దాదాపు 17 ఎంబీ. చూసి ‘ఇంతేగా’ అనుకుంటాం. తెరిచాక కథ వేరు. డార్క్‌టేబుల్ అనే రా ఎడిటర్ ప్రతి పిక్సెల్‌కీ 4 విలువలు, ఒక్కో విలువకి 4 బైట్లు పెడుతుంది. 4272 × 2848 అంటే 1.2 కోట్ల పిక్సెళ్ల పైమాట. ఒక్కోదానికి 16 బైట్లు, మొత్తం 195 ఎంబీ. ఒక మాడ్యూల్ (ఒక్కో రకం దిద్దుబాటు చేసే భాగం) పనిచేయాలంటే లోపలికొచ్చే బొమ్మ ఒకటి, బయటికెళ్లే బొమ్మ ఒకటి, అంటే 390. నాయిస్ తగ్గించే మాడ్యూళ్లు మధ్యలో ఇంకొన్ని కాపీలు చేసుకుంటాయి.

ఇదే 24 మెగాపిక్సెళ్ల కెమెరా అయితే అన్నీ రెట్టింపు. కెమెరా ఒక్కటి మార్చి ఇదే ల్యాప్‌టాప్ ఉంచుకుని ఉంటే, మీరు స్నానం కాదు, పడుకుని లేవాల్సి వచ్చేది.

పిక్సెల్‌పిచ్చి
రెండూ మార్చమన్నాను నేను. సగం మాట పట్టుకుని ఊరేగకండి.

జేపెగ్_జిందాబాద్
ఇంత రాద్ధాంతం దేనికి? జేపెగ్‌లో తీయండి, అయిపోతుంది. నేను ఐదేళ్లుగా రా ముట్టుకోలేదు. కెమెరాలో ఒక ప్రాసెసర్ ఉంది, దాని పనే అది. వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగుకి తగ్గ సర్దుబాటు) సరిగ్గా పెట్టుకుని, పిక్చర్ స్టైల్‌లో కాంట్రాస్ట్ కాస్త తగ్గించుకుంటే ఎడిటింగ్ అవసరమే ఉండదు. మీ లెక్కలన్నీ సున్నాకొస్తాయి.

నీడలవేట
‘వైట్ బ్యాలెన్స్ సరిగ్గా పెట్టుకుని’ అన్నారే, తిరకాసంతా అక్కడే ఉంది. నేర్చుకునేవాళ్లకి సరిగ్గా రానిదే అది. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లు. 1100డీ రా 14 బిట్లది, అంటే 16,384. తప్పు చేసినప్పుడు దిద్దుకునే జాగా ఆ తేడాలోనే ఉంది. ఐదేళ్ల అనుభవం ఉన్న మీకు ఆ జాగా అక్కర్లేకపోవచ్చు, ఆర్నెల్ల ఓపికస్తుడు గారికి కావాలి.

నేనైతే రా, జేపెగ్ రెండూ కలిపి తీస్తా. మెనూలో ఆ ఆప్షన్ ఉంది. ఇంటికొచ్చాక ఏరుకోవడం అంతా జేపెగ్‌లతోనే. 300 తీస్తే 12 మిగులుతాయి. ఆ 12 రా ఫైళ్లు మాత్రమే తెరుస్తా. నాది మీకంటే పాత మెషిన్. అయినా నాకు స్లో అని ఎప్పుడూ అనిపించలేదు, ఎందుకంటే దాన్ని నేను 300 సార్లు అడగను.

ఓపికస్తుడు
300 తీసి, 300 తెరిచి, ఒక్కోదానికి స్లైడర్లన్నీ జరిపేవాణ్ణి నేనే. దొరికిపోయా.

పెంగ్విన్‌పక్షం
రా మాత్రమే తీసినా ఏరుకోవచ్చు. ప్రతి రా ఫైలు కడుపులో ఒక చిన్న జేపెగ్ ఉంటుంది, కెమెరా వెనక తెర మీద మనం చూసేది దాన్నే. విండోస్‌లో ఫాస్ట్‌స్టోన్, లినక్స్‌లో (విండోస్‌కి బదులు వాడే ఉచిత వ్యవస్థ) గీకీ లాంటి వ్యూయర్లు దాన్నే బయటికి తీసి చూపిస్తాయి. అసలు డేటా జోలికి పోవు కాబట్టి బాణం మీట నొక్కిన కొద్దీ ఫోటోలు పేక ముక్కల్లా జారిపోతాయి.

ఎటూ ఎస్‌ఎస్‌డీ కొత్తది పెడుతున్నారు కాబట్టి, లినక్స్ మింట్‌లో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకాన్ని ఒకసారి పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడండి. ఇన్‌స్టాల్ చేయకుండానే వైఫై, సౌండ్, తెర అన్నీ పనిచేస్తున్నాయో లేదో తెలిసిపోతుంది. డార్క్‌టేబుల్, రాథెరపీ, గింప్, డిజికామ్ లాంటి ఫోటో ప్రోగ్రాంలన్నీ ఉచితమే. రాథెరపీ గ్రాఫిక్స్ కార్డు అడగదు, మొత్తం సీపీయూతోనే లాగిస్తుంది. డార్క్‌టేబుల్ అయితే ప్రిఫరెన్సెస్‌లో రిసోర్సెస్ అన్నచోట ‘స్మాల్’ పెట్టుకోండి. ‘డిఫ్యూజ్ ఆర్ షార్పెన్’ అని ఒక మాడ్యూల్ ఉంటుంది, మెషిన్‌ని పిండేస్తుంది, కనబడినా చూడనట్టు వెళ్లిపోండి.

పిక్సెల్‌పిచ్చి
కెనాన్ వాళ్లు ఇచ్చే రా ఎడిటర్ డీపీపీ లినక్స్‌లో లేదు. నికాన్ ఎన్ఎక్స్ స్టూడియో కూడా లేదు. ఆ సంగతి కూడా చెప్పండి మరి.

పెంగ్విన్‌పక్షం
ఒప్పుకుంటున్నా, లేవు. కెమెరాలో కనిపించిన రంగులే అచ్చుగుద్దినట్టు కావాలంటే డీపీపీయే నయం, అదీ ఉచితమే. అలాంటప్పుడు విండోస్ ఉంచుకోండి. నమోదు చేసుకుంటే విండోస్ 10కి భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు వస్తాయి. ఆ తర్వాత దాన్ని నెట్‌కి కలపకుండా ఎడిటింగ్‌కి మాత్రం వాడుకున్నా ఎవరూ కాదనరు.

టక్‌టక్_బాధితురాలు
ఎవరూ అడగట్లేదు కాబట్టి నేను అడుగుతున్నా. ఆ 2012 హార్డ్‌డిస్క్‌లో ఉన్న ఫోటోలకి ఇంకో కాపీ ఉందా?

నా పాత డిస్క్ ఒక సాయంత్రం టక్... టక్... అని మొదలుపెట్టింది. గోడ గడియారం అనుకుని తల ఎత్తి చూశా. ఆ గదిలో గడియారమే లేదు. అది తెలిసేలోపు ఫోల్డర్ తెరవడం మానేసింది. నాలుగేళ్ల ఫోటోలు. కొన్ని ఫోన్‌లో ఎవరికో పంపినవి చిన్న సైజులో దొరికాయి, అంతే.

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని చిన్న ప్రోగ్రాం ఉంది, ఉచితం. పెట్టి చూడండి. పైన రంగు నీలంగా ఉంటే సరే. పసుపు ఉంటే ఎస్‌ఎస్‌డీ, లినక్స్, అన్నీ తర్వాత.

ఓపికస్తుడు
పసుపు. ‘కరెంట్ పెండింగ్ సెక్టర్స్’ (డిస్క్ చదవలేక మొరాయిస్తున్న చోట్లట) అన్నదగ్గర 8 చూపిస్తోంది. ఇప్పుడేం చేయాలి? టెన్షన్‌గా ఉంది.

టక్‌టక్_బాధితురాలు
ఏమీ తెరవకండి, ఏమీ ఇన్‌స్టాల్ చేయకండి, డీఫ్రాగ్ (డిస్క్ మీది ముక్కల్ని సర్దడం) అసలు వద్దు. బయటి డ్రైవ్ ఒకటి తగిలించి ముందు ఫోటోల ఫోల్డర్లు కాపీ చేయండి. ఎక్కడైనా ఆగిపోతే ఆ ఫైలు వదిలేసి తర్వాతిదానికి వెళ్లండి. చదవలేనిదాన్ని పట్టుకుని మళ్లీ మళ్లీ లాగితే ఉన్న ప్రాణం కూడా పోతుంది.

స్క్రూలూజు
ఆవిడ చెప్పినట్టే చేయండి. నేను ముందే అడగాల్సింది, తప్పు నాదే. క్లోనింగ్ (డిస్క్ మొత్తానికి ఉన్నదున్నట్టు నకలు తీయడం) కూడా వద్దు, కొత్త ఎస్‌ఎస్‌డీ మీద శుభ్రంగా ఇన్‌స్టాల్ చేసుకోండి.

ఓపికస్తుడు
రాత్రంతా నడిచింది. యూఎస్‌బీ 2 పోర్టులో పెట్టా, సెకనుకి 30 ఎంబీ దాటలేదు. పక్కనే నీలం రంగు పోర్టు ఉందని తెల్లారాక చూసుకున్నా. 3 ఫైళ్లు పోయాయి. మూడూ లెన్స్ మూత తీయకుండా తీసినవని అనుకుని ఊరుకుంటున్నా.

డీ3100_దాసు
కంప్యూటర్ గొడవ సద్దుమణిగింది కాబట్టి లెన్స్ మాట. పాత కెమెరాకి నిజంగా ప్రాణం పోసేది ఒక ఫిక్స్‌డ్ లెన్స్, అంటే జూమ్ లేనిది. 18-55ని 55 దగ్గర పెడితే ఎఫ్/5.6 కంటే తెరుచుకోదు (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది). ఎఫ్/1.8 లెన్స్ దానికి మూడు స్టాపులకి పైగా (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు) ఎక్కువ వెలుగు లోపలికి పంపుతుంది. అంటే ఐఎస్‌ఓ 3200 దగ్గర తీసేది 400లోపే తీసేయొచ్చు. పిక్సెల్‌పిచ్చి గారు చెప్పిన ఐఎస్‌ఓ ఇబ్బందికి కొత్త బాడీ అక్కర్లేదు.

కానీ కొనేముందు నాలాగా చేయకండి. నా దగ్గరున్నది నికాన్ డీ3100. 50 ఎంఎం ఎఫ్/1.8డీ వాడినది దొరికింది కదా అని ఎగిరి గంతేసి తీసుకున్నా. తగిలిస్తే ఫోకస్ కదలదు. డీ3100 బాడీలో ఫోకస్ మోటార్ ఉండదని, లెన్స్‌లో మోటార్ ఉన్న ఏఎఫ్-ఎస్ రకమే కావాలని అప్పుడు చదివా. ఏడాదిగా చేత్తో తిప్పుకుంటున్నా. తిప్పగా తిప్పగా అలవాటైపోయింది, ఇప్పుడు ఆటోఫోకస్ ఇస్తానన్నా అక్కర్లేదు.

జేపెగ్_జిందాబాద్
అందని ద్రాక్ష పుల్లన.

డీ3100_దాసు
అందింది, తిరగట్లేదు. రెండూ ఒకటి కాదు.

కిట్‌లెన్స్_కాపరి
1100డీకి ఆ బెడద లేదు. కెనాన్ ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ లెన్సుల్లో మోటార్ లెన్స్‌లోనే ఉంటుంది. 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం నిశ్చింతగా పెట్టుకోవచ్చు. ఆ సెన్సర్ మీద అది 80 ఎంఎం లెన్స్‌లా కనిపిస్తుందని మాత్రం గుర్తుంచుకోండి, చిన్న గదిలో వెనక్కి వెళ్లడానికి గోడ అడ్డొస్తుంది.

నా సలహా మాత్రం వేరు. ఇంకో మూడు నెలలు ఏమీ కొనకండి. కిట్ లెన్స్‌ని (కెమెరాతో వచ్చిన 18-55) ఎఫ్/8 దగ్గర పెట్టి, కిటికీ పక్కన, స్టాండ్ మీద పెట్టి తీయండి. స్టాండ్ లేకపోతే పుస్తకాల దొంతర మీద పెట్టి రెండు సెకన్ల టైమర్. అలా తీసిన ఫోటో మెత్తగా వస్తే అప్పుడు లెన్స్‌ని తిట్టండి. చేయి వణికి వచ్చినదాన్ని లెన్స్ మీదికి తోస్తే ఆడలేక మద్దెల ఓడన్నట్టే.

ఎలాగూ పాత లెన్సే కాబట్టి ఫంగస్ కూడా చూసుకోండి. చీకటి గదిలో ఒకవైపు నుంచి టార్చి ఏటవాలుగా వేసి, ఇంకోవైపు నుంచి చూడండి. దుమ్ము చుక్కలుగా కనిపిస్తుంది. సాలీడు అప్పుడే గూడు మొదలుపెట్టినట్టు సన్నటి పోగులు కనిపిస్తే అది ఫంగస్. తోలు సంచిలో మూసి పెట్టడం మానేయండి. గాలి చొరని డబ్బా, సిలికా జెల్, లోపల తేమ 40, 50 శాతం మధ్య ఉంటే చాలు.

ఓపికస్తుడు
టార్చి వేశా. పోగులు లేవు. కానీ ఆకాశం తీసిన ప్రతి ఫోటోలో కుడివైపు పైన ఒకేచోట బూడిదరంగు మచ్చ వస్తోంది. లెన్స్ తుడిచినా పోవట్లేదు.

కిట్‌లెన్స్_కాపరి
ఒకేచోట వస్తోందంటే అది సెన్సర్ మీది దుమ్ము. 1100డీలో సెన్సర్ తనంతట తాను దులుపుకునే ఏర్పాటు లేదు. బ్యాటరీ నిండుగా ఛార్జ్ చేసి, మెనూలో సెన్సర్ చేత్తో శుభ్రం చేసుకునే ఆప్షన్ ఎంచుకుంటే అద్దం పైకి లేచి ఆగుతుంది. కెమెరా నోరు కిందికి పెట్టి, రబ్బరు బ్లోయర్‌తో నాలుగుసార్లు కొట్టండి. నోటితో ఊదారో, దుమ్ముకి బదులు తుంపర్లు చేరతాయి. ముందూ తర్వాతా ఎఫ్/16 దగ్గర తెల్ల గోడ తీసి పోల్చుకోండి.

నల్లపిల్లి
ఇంకొక్క సంగతి. అప్పటి ల్యాప్‌టాప్ తెరలు చాలావరకు టీఎన్ రకం. తల రెండు అంగుళాలు పైకి లేపితే నలుపు బూడిదవుతుంది, కిందికి దించితే చిక్కబడుతుంది. మా నల్లపిల్లిని ఫోటో తీసి, ఒంటి మీద వెంట్రుకలు కనిపించట్లేదని నీడలు పెంచుకుంటూ పోయా. నా తెర మీద ముచ్చటగా ఉంది. ఫోన్‌లో చూసిన మా చెల్లి అడిగింది, ‘కొత్త పిల్లిని ఎప్పుడు తెచ్చావక్కా, బూడిదరంగుది?’

అప్పట్నుంచి కంటిని నమ్మడం మానేసి హిస్టోగ్రాం (ఫోటోలో వెలుగు, నీడలు ఎంతెంతో చూపే గ్రాఫ్) చూస్తున్నా. బయటి ఐపీఎస్ మానిటర్ (పక్కనుంచి చూసినా రంగులు పెద్దగా మారనిది), పాతదైనా సరే, ఒకటి తగిలిస్తే ఇంకా మంచిది.

స్క్రూలూజు
ఓపికస్తుడు గారూ, ఆపరేషన్ ఎంతవరకొచ్చింది?

ఓపికస్తుడు
అయిపోయింది. మొదట్నుంచి చెప్తా.

అడుగు మూతకి 11 స్క్రూలు. ఒక్కోటి తీసి కాగితం మీద బొమ్మ గీసి, ఏది ఎక్కడిదో అక్కడే పెట్టా. రెండో స్లాట్ నిజంగానే ఖాళీగా ఉంది, 8 జీబీ పెట్టా, ఇప్పుడు మొత్తం 12. ఎస్‌ఎస్‌డీ మీరు చెప్పినట్టే ఫ్రేముకి బిగించా. ఫ్యాన్ విప్పి చూస్తే, గాలి బయటికెళ్లే రేకుల ముందు దుమ్ము పొరలా పేరుకుని ఉంది. పట్టకార్లతో అంచు పట్టుకుని లాగితే చిన్న కంబళి ముక్కలా ఒక్క తునకగా వచ్చింది. అటువైపు నుంచి వెలుతురు కనిపించింది! ఇన్నాళ్లూ ఆ ఫ్యాన్ గోడకి గాలి కొట్టింది పాపం.

మింట్ వేశా. రాథెరపీలో రా ఫైలు నాలుగు సెకన్లలో తెరుచుకుంది. మొదటిసారి స్నానానికి లేవబోయి మళ్లీ కూర్చున్నా.

ఒకటే అనుమానం. అంతా బిగించాక చూస్తే కాగితం మీద ఒక స్క్రూ మిగిలింది.

జేపెగ్_జిందాబాద్
అది స్క్రూలూజు గారిది అయ్యుంటుంది, చూసి ఇచ్చేయండి.

పిక్సెల్‌పిచ్చి
నాలుగు సెకన్లా? సరే, ల్యాప్‌టాప్ విషయంలో వెనక్కి తగ్గుతున్నా. కెమెరా విషయంలో మాత్రం తగ్గను.

నీడలవేట
ఆ స్క్రూనే ఫోటో తీయండి. కిట్ లెన్స్ ఊడదీసి, తిరగేసి, ముందు వైపుని కెమెరా నోటికి ఆనించి పట్టుకోండి. జూమ్ 18 దగ్గర పెడితే ఎక్కువ పెద్దగా కనిపిస్తుంది, 55కి తిప్పేకొద్దీ చిన్నదవుతుంది. ఎఫ్ విలువ 00 చూపిస్తుంది, భయపడకండి, మాన్యువల్ మోడ్‌లో క్లిక్ అవుతుంది. ఫోకస్ రింగుతో లాభం లేదు, కెమెరానే ముందుకీ వెనక్కీ కదపాలి. దుమ్ము లేనిచోట కూర్చోండి, లేకపోతే కాపరి గారి బ్లోయర్‌కి మళ్లీ పని తగులుతుంది.

ఓపికస్తుడు
తీశా. 64 తీస్తే 2 మిగిలాయి. ఆ రెండు రా ఫైళ్లే తెరిచా, ఒట్టు. స్క్రూ తల మీద ప్లస్ గాడిలో ఒక అంచు అరిగి మెరుస్తోంది, మర చుట్ల మధ్యలో నీలం రంగు జిగురు ఎండిపోయి కనిపిస్తోంది. కంటితో చూస్తే ఇవేవీ లేవు. ఫోటో పెట్టా, చూడండి.

పిక్సెల్‌పిచ్చి
ఇది 1100డీతో తీసిందా? కిట్ లెన్స్‌తోనా?

స్క్రూలూజు
ఆ నీలం జిగురు స్క్రూ వదులవకుండా కంపెనీలో రాసేది. పొడవు చూస్తే అది మూతది కాదు, డీవీడీ డ్రైవ్‌ది అనిపిస్తోంది. చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ డ్రైవ్ మొత్తాన్ని పట్టుకుని ఉండేది ఆ ఒక్క స్క్రూనే. ఒకసారి పక్కనుంచి వేలితో లాగి చూడండి.

ఓపికస్తుడు
లాగా. మొత్తం చేతిలోకి వచ్చేసింది.